ఆవు వ్యాసం అక్కడ చెల్లదు

పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే గోల. టెక్సాస్‌లో కాలేజీలో చేరిన మన పిల్లలు, హైస్కూల్లో ఉండగానే డ్యూయల్ క్రెడిట్ కింద కాలేజీ కోర్సు తీసుకున్నవాళ్లు, వాళ్ల అమ్మానాన్నలు, అందరూ హిస్టరీ 1301 గురించే రాశారు. అంటే మొదటి నుంచి 1877 దాకా అమెరికా చరిత్ర. నేను ఆ కోర్సు చాలా ఏళ్లుగా చెబుతూ, సెమిస్టర్‌కి కట్టలకొద్దీ ఎస్సేలు దిద్దుతూ ఉన్నదాన్ని కాబట్టి పత్రికవాళ్లు ఈ ఉత్తరాలన్నీ నా మీదకు తోసేశారు. ఒకే రకం ప్రశ్నల్ని కలిపేశాను, కొన్నిటిని కుదించాను.

ప్రశ్న: నేను కంప్యూటర్ సైన్స్ చదవడానికి వచ్చాను మేడమ్. 1607లో జేమ్స్‌టౌన్‌లో ఎవరు దిగితే నాకెందుకు? ఈ కోర్సు తప్పించుకునే దారి ఏమన్నా ఉందా?
(ఒక విద్యార్థి, హ్యూస్టన్)

జవాబు: టెక్సాస్‌లో ప్రభుత్వ కాలేజీల నుంచి డిగ్రీ చేతికి రావాలంటే అమెరికా చరిత్రలో ఆరు క్రెడిట్ అవర్లు ఉండాలని రాష్ట్ర చట్టమే ఉంది. అందులో మూడింటికి బదులు టెక్సాస్ చరిత్ర తీసుకోవచ్చు. హైస్కూల్లో రాసే ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) పరీక్ష స్కోరో, కోర్సు తీసుకోకుండానే క్రెడిట్ తెచ్చుకునే క్లెప్ పరీక్షో ఉంటే కొన్నిచోట్ల క్రెడిట్ ఇస్తారు, మీ అడ్వైజర్‌ని అడగండి. అవేవీ లేకపోతే కూర్చుని చదవడమే.

ఇక ఎందుకంటారా, అమెరికాలో నిలదొక్కుకున్న తొలి ఇంగ్లీషు స్థావరం జేమ్స్‌టౌన్. అక్కడ దిగిన ఆ నూట నాలుగు మందిని పంపింది ఏ దేశభక్తుల సంఘమో కాదు, లండన్‌లో షేర్లు అమ్మి డబ్బు పోగేసిన వర్జీనియా కంపెనీ. బంగారం దొరుకుతుందని పెట్టుబడి పెట్టారు, దొరకలేదు, 1609-10 చలికాలంలో తిండిలేక జనం పిట్టల్లా రాలిపోయారు. దుకాణం మూసేసే పరిస్థితిలో జాన్ రోల్ఫ్ అనే ఆయన కొత్త రకం పొగాకు వేసి అమ్మితే అది లండన్‌లో విపరీతంగా పోయింది. మన ఒంగోలు వైపు బ్యారన్లలో కాల్చే పొగాకును ఇప్పటికీ వర్జీనియా పొగాకు అంటాం చూడండి, ఆ వర్జీనియా ఇదే. ఇన్వెస్టర్లు, కరిగిపోతున్న డబ్బు, చివరి నిమిషంలో దొరికిన ఒక్క ప్రొడక్టు, మీ సీఎస్ వాళ్లకు బాగా తెలిసిన కథే కదా. ఆ ఒక్క పంటకు భూమి కావాలి, పనిచేసే చేతులు కావాలి. ఆ భూమి ఎవరిది, ఆ చేతులు ఎవరివి అన్నదే మిగతా సెమిస్టరంతా.

ప్రశ్న: మా మొదటి ఎస్సే 'బేకన్ తిరుగుబాటు వర్జీనియా సమాజాన్ని ఎలా మార్చింది?' అని. ఐదు పేజీలు రాశాను. కారణాలు, సంఘటనలు, ఫలితాలు, ముగింపు, సైడ్ హెడ్డింగులతో సహా అన్నీ పెట్టాను. వందకు 62 వేశారు. పక్కన మార్జిన్‌లో 'ఇది సారాంశం, మీ వాదన ఎక్కడ?' అని రాశారు. ఎస్సేలో ఒక్క తప్పు కూడా లేదు. ఇంటర్ దాకా నాకు 90 తగ్గలేదు మేడమ్. ఇంకేం కావాలి వీళ్లకి?
(విజయవాడ నుంచి వచ్చి డాలస్‌లో చదువుతున్న విద్యార్థి)

జవాబు: మీరు పంపిన ఎస్సే మొత్తం చదివాను. నిజమే, తప్పుల్లేవు. కానీ మీ మొదటి వాక్యం ఒకసారి మీరే చదువుకోండి: 'నేథనియల్ బేకన్ 1676లో వర్జీనియాలో తిరుగుబాటు చేశాడు, దీనికి అనేక కారణాలు ఉన్నాయి.' ఈ వాక్యం చదివి 'అబ్బే, నేనొప్పుకోను' అనేవాడు ఎక్కడన్నా ఉంటాడా? ఉండడు. మీ 38 మార్కులు అక్కడే పోయాయి. వాళ్లు అడిగింది ఎలా మార్చింది అని, మీరు చెప్పింది ఏం జరిగింది అని. మన దగ్గర పది మార్కుల ప్రశ్నకు తెలిసినదంతా ఏకరువు పెడితే దిద్దేవాళ్లు పాయింట్లు లెక్కేసుకుని మార్కులు వేస్తారు. ఆవు వ్యాసం బట్టీపట్టినవాణ్ణి కొబ్బరిచెట్టు గురించి రాయమంటే, ఆవును తీసుకెళ్లి ఆ చెట్టుకు కట్టేసి మళ్లీ ఆవు గురించే రాశాడని చెప్పుకుంటాం కదా, మన చదువుల్లో అది జోకు కూడా కాదు, అలవాటు. ఇక్కడ మీ ప్రొఫెసర్‌కి కథ ముందే తెలుసు. మీరేమంటున్నారు, అలా అనడానికి మీ దగ్గరున్న కాగితమేంటి అన్నదే ఆవిడకు కావాలి.

మీ టాపిక్‌తోనే చేసి చూద్దాం. నదుల పక్కనున్న మంచి భూములన్నీ పెద్ద ఆసాముల చేతుల్లో ఉన్నాయి. ఓడ ఛార్జీకి బదులు నాలుగు నుంచి ఏడేళ్లు ఊడిగం చేస్తామని ఒప్పందం రాసిచ్చి వచ్చిన ఇంగ్లీషు పేదలకు, గడువు తీరి బయటపడ్డాక మిగిలింది సరిహద్దు ప్రాంతమే, అక్కడేమో నేటివ్ అమెరికన్ తెగలతో నిత్యం కొట్లాట. పొగాకు ధర పడిపోయింది, పన్నులు మాత్రం తగ్గలేదు, గవర్నర్ విలియం బర్క్‌లీ పద్నాలుగేళ్లపాటు అసెంబ్లీకి కొత్తగా ఎన్నికలే పెట్టలేదు. బేకన్ పేదవాడా అంటే కానే కాదు, డబ్బున్న కుటుంబం, గవర్నర్ భార్యకు చుట్టం, వర్జీనియాకు వచ్చి రెండేళ్లయినా కాకముందే కౌన్సిల్ మెంబరు. 1676 సెప్టెంబరు 19న ఆయన మనుషులు జేమ్స్‌టౌన్‌ను తగలబెట్టారు, అక్టోబరులో ఆయన జబ్బుచేసి చనిపోయాడు, బర్క్‌లీ తిరిగొచ్చి 23 మందిని ఉరితీయించాడు. ఇది మీ ఎస్సేలో మూడున్నర పేజీలు ఉంది. అరపేజీ చాలు.

మధ్యలో ఒక మాట. మీరు బేకన్‌ను దాదాపు అల్లూరి సీతారామరాజు లెవెల్లో నిలబెట్టేశారు. అల్లూరి మన్యంవాళ్ల తరఫున నిలబడ్డాడు. ఈయన మనుషులు ఇంగ్లీషువాళ్లతో స్నేహంగా ఉన్న ఒకనీచీ, పమంకీ తెగలమీద కూడా పడి చంపారు. ఆ ముక్క మీ ఎస్సేలో ఎక్కడా లేదు, నేనైతే దానికి విడిగా ఐదు మార్కులు కోసేదాన్ని.

ఇప్పుడు అసలు సరుకు. బేకన్ చనిపోయాక కూడా కొన్ని గుంపులు లొంగలేదు. ఒకచోట ఎనభై మంది నల్లజాతీయులు, ఇరవై మంది ఇంగ్లీషువాళ్లు కలిసి ఆయుధాలు కింద పెట్టేది లేదన్నారని, వాళ్లను లొంగదీయడానికి వెళ్లిన ఓడ కెప్టెన్ చెప్పిన వివరం ఉంది. ఆ దృశ్యం పెద్ద ఆసాములకు ఎలా కనపడి ఉంటుందో ఆలోచించండి. ఆ తర్వాత వచ్చిన చట్టాలు తీసి పక్కన పెట్టుకోండి. 1680లో, నల్లజాతి బానిసలు కర్ర, గద, తుపాకీ, కత్తి ఏ ఆయుధమూ పట్టకూడదు, యజమాని చీటీ లేకుండా తోట దాటకూడదు అన్నారు. 1691లో తెల్లవాళ్లు వేరే జాతివాళ్లను పెళ్లాడితే వర్జీనియా నుంచి వెళ్లగొట్టాలన్నారు. 1705లో ఈ చట్టాలన్నీ ఒకచోట చేర్చి పెద్ద కోడ్ రాశారు. అందులోనే, ఊడిగం గడువు తీరిన తెల్ల మగవాడికి యజమాని పది బుషెళ్ల మొక్కజొన్న, ముప్పై షిల్లింగులు, ఇరవై షిల్లింగుల విలువకు తగ్గని తుపాకీ ఒకటి ఇవ్వాలని ఉంది. తుపాకీ! ఒకడి చేతిలోంచి కర్ర కూడా లాక్కున్నారు, అతని పక్కనే పొలంలో చెమటోడ్చిన ఇంకొకడికి తుపాకీ పెట్టి పంపారు. మీ ఎస్సే మొత్తం ఈ తుపాకీ చుట్టూ తిప్పొచ్చు.

అయితే ఇక్కడే చాలామంది బోర్లా పడతారు. 'బేకన్ తిరుగుబాటు వల్ల వర్జీనియాలో బానిసత్వం పుట్టింది' అని రాసేస్తారు. తేదీలు ఒప్పుకోవు. 1640లో ముగ్గురు పనివాళ్లు పారిపోయి దొరికితే, ఇద్దరు యూరోపియన్లకు ఊడిగం నాలుగేళ్లు పెంచిన కోర్టు, జాన్ పంచ్ అనే నల్లజాతీయుడికి మాత్రం బతికినంతకాలం ఊడిగం వేసింది. 1662లో, బిడ్డ బానిసా కాదా అన్నది తల్లినిబట్టే తేలుతుందని చట్టం చేశారు. ఇవన్నీ బేకన్‌కు ముందే. ఎడ్మండ్ మోర్గాన్ అనే చరిత్రకారుడు 1975లో ఈ తిరుగుబాటుకూ, పేద తెల్లవాళ్లనూ నల్లజాతివాళ్లనూ విడగొట్టిన జాతి విభజనకూ ముడివేసి గట్టి వాదన చేశాడు, అప్పటి నుంచి మా సబ్జెక్టులో ఆ చర్చ తెగలేదు. కాదనేవాళ్లు ఆర్థిక కారణాలు చూపిస్తారు: ఇంగ్లండ్ నుంచి ఒప్పంద కూలీలు రావడం తగ్గింది, ఆఫ్రికా బానిస వ్యాపారంలో రాయల్ ఆఫ్రికన్ కంపెనీ గుత్తాధిపత్యం 1698లో పోయి సరఫరా పెరిగింది, కాబట్టి తిరుగుబాటు లేకపోయినా ఇదే జరిగేదని. మీరు ఎటన్నా ఉండండి, గోడమీద పిల్లిలా మాత్రం కూర్చోకండి.

నేనైతే మొదటి పేరా చివర ఇలా రాస్తాను: 'బేకన్ తిరుగుబాటు వర్జీనియాలో బానిసత్వాన్ని పుట్టించలేదు, 1640, 1662 నాటికే దాని పునాదులు పడ్డాయి. కానీ నల్లవాళ్లూ పేద తెల్లవాళ్లూ మళ్లీ ఎప్పుడూ ఒకవైపు నిలబడకుండా ఆసాములు చట్టాలతో గోడ కట్టడానికి తొందరపెట్టింది అదే.' దీంతో గొడవపడొచ్చు. కాదనేవాడు ఉంటాడు. అందుకే ఇది వాదన. తర్వాత ప్రతి పేరాకు ఒక కాగితం తీసుకోండి, ఆ కాగితం మీ మాటకు ఎలా పనికొస్తుందో చెప్పండి, ఒక పేరా మాత్రం అవతలివాళ్ల ఆర్థిక వాదనకు నిజాయితీగా ఇవ్వండి. సైడ్ హెడ్డింగులు తీసేయండి. 'ఇలా ఎన్నో మార్పులు వచ్చాయి' అనే ఆ చివరి పేరా కూడా. మళ్లీ రాసి ఇచ్చే అవకాశం ఉందేమో సిలబస్‌లో చూసుకోండి, చాలామంది ఇస్తారు, పిల్లలే చదవరు.

ప్రశ్న: ప్రతివారం ఆన్‌లైన్ డిస్కషన్ ఒకటి పెడతారు. గురువారంలోగా 250 పదాలు, ఆదివారం రాత్రి 11:59లోగా ఇద్దరికి రిప్లై. నేను మర్యాదగా 'గ్రేట్ పోస్ట్, ఐ అగ్రీ' అని నాలుగు మంచి మాటలు రాస్తే పదికి నాలుగు వేస్తున్నారు. ముక్కూమొహం తెలియనివాళ్లతో పోట్లాడమంటారా?
(ఓ విద్యార్థిని, ఆస్టిన్)

జవాబు: పోట్లాడక్కర్లేదమ్మా. వాళ్లు చూడనిది ఒకటి చూపించు, చాలు.

నువ్వు ఫోటో తీసి పంపిన ప్రశ్న బోస్టన్ మారణకాండ మీద ఆ ఊరి వెండిపనివాడు పాల్ రెవీర్ అచ్చువేసిన బొమ్మ గురించి కదా. 1770 మార్చి 5 రాత్రి బోస్టన్‌లో బ్రిటిష్ సైనికులు గుంపు మీద కాల్పులు జరిపారు, ఐదుగురు చనిపోయారు. రెవీర్ ఆ నెల్లోనే బొమ్మ అమ్మకానికి పెట్టాడు. నీ క్లాస్‌మేట్ ఏం రాశాడు? 'ఈ బొమ్మ చూస్తే బ్రిటిష్‌వాళ్లు ఎంత క్రూరులో తెలుస్తుంది' అని. నువ్వు 'నిజమే, చాలా బాధేసింది' అన్నావు. సంభాషణ అక్కడికి సమాప్తం.

ఇప్పుడు ఆ బొమ్మ ఫోన్‌లో పెద్దది చేసి చూడు. సైనికులు రిపబ్లిక్ డే పరేడ్‌లోలా వరసగా నిలబడ్డారు, అందరూ ఒకేసారి కాలుస్తున్నారు, వెనక ఆఫీసర్ కత్తెత్తి ఆర్డరిస్తున్నాడు. వాళ్ల వెనకున్న కస్టమ్స్ బిల్డింగ్ మీద బోర్డేముంది? 'బుచర్స్ హాల్', అంటే కసాయి కొట్టు. ఎవరన్నా కస్టమ్స్ ఆఫీసుకి అలా బోర్డు పెట్టుకుంటారా? జనం చేతుల్లో కర్రల్లేవు, మంచుగడ్డల్లేవు. కోర్టులో సాక్షులు చెప్పింది మాత్రం, కర్రలు పట్టుకున్నారు, మంచుగడ్డలు విసిరారు, గందరగోళంలో కాల్పులు మొదలయ్యాయి అని. ఆ సైనికుల తరఫున వాదించిన లాయరెవరో తెలుసా, జాన్ ఆడమ్స్, తర్వాత అమెరికా రెండో ప్రెసిడెంటు అయినాయన. కెప్టెన్ ప్రెస్టన్ నిర్దోషిగా బయటపడ్డాడు, సైనికుల్లో ఆరుగుర్ని వదిలేశారు, ఇద్దరికి మాత్రం హత్య కంటే తక్కువ నేరం కింద బొటనవేలి మీద వాతపెట్టి పంపారు. పైగా రెవీర్ ఆ బొమ్మను సొంతంగా గీయలేదు, హెన్రీ పెల్హామ్ గీసినదాన్ని కాపీకొట్టాడు, పెల్హామ్ దానిమీద కోపంగా ఉత్తరం కూడా రాశాడు.

కాబట్టి నీ రిప్లై ఇలా ఉండొచ్చు: 'నీకు క్రూరత్వం కనిపించింది, సరే. ఆ బోర్డు మీద ఏం రాసుందో గమనించావా? నాకైతే ఇది ఆ రాత్రి ఏం జరిగిందో చెప్పేదానికంటే, బోస్టన్‌వాళ్లు మిగతా కాలనీలవాళ్లను ఏం నమ్మించాలనుకున్నారో చెప్పే బొమ్మలా ఉంది. నువ్వేమంటావు?' ఐదు వాక్యాలు కూడా లేవు. మర్యాదకు లోటు లేదు. పదికి తొమ్మిది.

ఏ కాగితం చేతికొచ్చినా నాలుగు అడుగు: ఎవరు రాశారు, ఎప్పుడు, ఎవరికోసం, వాళ్లకేం కావాలి. మన వాట్సాప్ ఫ్యామిలీ గ్రూపుల్లో వచ్చే ఫార్వర్డులకు కూడా ఇది భేషుగ్గా పనికొస్తుంది కానీ, అక్కడ అడిగితే పెదనాన్నలు గ్రూపులోంచి వెళ్లిపోతారు.

ప్రశ్న: డిస్కషన్లో ఇండియా గురించి రాయొచ్చా? అమెరికా చరిత్ర క్లాసులో మన గోల ఎందుకని ఊరుకుంటున్నాను.
(విద్యార్థి, ప్లేనో)

జవాబు: నిజమైన సంబంధం ఉన్నచోట తప్పకుండా రాయండి, ఆ క్లాసులో ఇంకెవరూ రాయలేని పోస్టు మీదవుతుంది. 1773 డిసెంబరు 16న బోస్టన్ రేవులో 342 పెట్టెల టీ నీళ్లలో పోశారు కదా, అది ఎవరి టీ? ఈస్టిండియా కంపెనీది. టీ చైనాదే, కానీ కంపెనీ అప్పుల పాలవడానికి కారణాల్లో బెంగాల్ కూడా ఉంది. 1765లో బెంగాల్ దివానీ, అంటే శిస్తు వసూలు హక్కు, చేతికొచ్చింది, 1770లో అక్కడ ఘోరమైన కరువు, యుద్ధాల ఖర్చు, గోదాముల్లో అమ్ముడుపోని టీ. దాన్ని గట్టెక్కించడానికి పార్లమెంటు 1773లో టీ చట్టం తెచ్చింది.

ఇక్కడ నేను దిద్దే ప్రతి పది పేపర్లలో ఐదారింట్లో ఉండే తప్పు ఒకటి చెప్పాలి: 'టీ మీద పన్ను పెంచారు, అందుకే తిరగబడ్డారు' అని. కొత్త పన్ను వేయలేదు. పౌనుకు మూడు పెన్నీల పాత పన్ను అలాగే ఉంచి, కంపెనీ నేరుగా అమ్ముకునే వీలిచ్చారు, టీ నిజానికి చౌకైంది. చౌకగా ఇస్తామన్నా ఎందుకు పారబోశారు అన్నదే మంచి ఎస్సే ప్రశ్న. జవాబులో సగం, తమ ఓటు లేకుండా వేసిన పన్నును ఒప్పుకున్నట్టవుతుందని. ఇంకో సగం, గుత్త కంపెనీ అంటే భయం. ఆ భయానికి బెంగాల్ ఉదాహరణ అప్పుడే దొరికింది: పెన్సిల్వేనియా లాయరు జాన్ డికిన్సన్ 1773లో మారుపేరుతో రాసిన ఉత్తరంలో, ఆసియాలో ఈ కంపెనీ చేసిన దోపిడీనీ కరువు చావుల్నీ చూపించి, రేపు మన గతీ ఇంతే అని హెచ్చరించాడు. ఇది మీ పోస్టులో పెట్టి చూడండి.

ఇంకోటి బ్రిటిష్ జనరల్ కార్న్‌వాలిస్. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో 1781 అక్టోబరు 19న యార్క్‌టౌన్‌లో లొంగిపోయింది ఆయన సైన్యం. అమెరికన్ పిల్లలకు ఆయన కథ అక్కడితో ఆఖరు. ఆయన 1786లో గవర్నర్ జనరల్‌గా కలకత్తాలో దిగాడనీ, 1793లో బెంగాల్‌లో శాశ్వత శిస్తు పద్ధతి పెట్టాడనీ, 1802 నుంచి అదే పద్ధతి మన ఉత్తర సర్కారులకు వచ్చి జమీందారీలను పాతుకుపోయేలా చేసిందనీ వాళ్లకు తెలీదు. మీ తాతముత్తాతలది శ్రీకాకుళమో, గోదావరి జిల్లాలో అయితే ఆయన వాళ్ల శిస్తు కాగితాల్లో ఉన్నట్టే లెక్క. కాకపోతే ఒక జాగ్రత్త, పోస్టు చివరికి ప్రశ్న దగ్గరికి తిరిగి రావాలి. యార్క్‌టౌన్ మీద అడిగితే మొత్తం జమీందారీల గురించి రాసి పెడితే అదీ ఆవు వ్యాసమే.

ప్రశ్న: మా అమ్మాయి పదకొండో తరగతి, డ్యూయల్ క్రెడిట్‌లో ఈ కోర్సు చేస్తోంది. బానిస చట్టాల మీద డిస్కషన్లో మన కులవ్యవస్థతో పోల్చి రాసింది. క్లాసులో మిగతావాళ్లు దానిమీద బోలెడు ప్రశ్నలు అడుగుతున్నారు. ఇంటిగుట్టు బయటపెట్టినట్టుందని మా ఆవిడా నేనూ ఇబ్బంది పడుతున్నాం. తీసెయ్యమని చెప్పమంటారా?
(ఒక తండ్రి, ఫ్రిస్కో)

జవాబు: వద్దండీ. గ్రేడు ఆ అమ్మాయిది, ఆలోచనా ఆ అమ్మాయిదే. పైగా కులం మన ఇంటిగుట్టు ఎలా అవుతుంది, ఊరందరికీ తెలిసిందే కదా. ఈ పోలిక కొత్తదీ కాదు. మహారాష్ట్రలో జోతిరావు ఫూలే 1873లో రాసిన 'గులాంగిరి'ని, బానిసత్వం రద్దు కోసం నిలబడ్డ అమెరికా ప్రజలకే అంకితమిచ్చాడు. మీ అమ్మాయి నూటయాభై ఏళ్ల నాటి సంభాషణలో ఓ మాట కలిపింది, అంతే.

టీచరుగా నేను అడిగేది వేరే. పోలిక ఎక్కడ నిలుస్తుంది, ఎక్కడ విరుగుతుంది అన్నది రాసిందా లేదా? మీరు పంపిన పోస్టులో 'రెండూ పుట్టుకతో వచ్చేవి, రెండూ ఒకటే' అని ఉంది. మొదటి సగం నిలుస్తుంది, రెండో సగం నిలవదు. 1662 చట్టాన్నే తీసుకోండి. ఇంగ్లీషు ఆచారంలో బిడ్డ తండ్రి హోదాను తీసుకుంటుంది. వర్జీనియాలో దాన్ని కావాలని తిరగేసి, తల్లి బానిసయితే బిడ్డా బానిసే అన్నారు. ఎందుకు? బానిస స్త్రీలకు తెల్ల మగవాళ్ల వల్ల పుట్టిన పిల్లలు స్వేచ్ఛ అడగకుండా, తండ్రికి బాధ్యత లేకుండా, యజమానికి ఆస్తి పెరిగేలా. మనవైపు కులం ఎక్కువగా తండ్రినిబట్టే నడుస్తుంది. ఇక 1705లో వర్జీనియా బానిసలను వారసత్వ లెక్కల్లో స్థిరాస్తి అంది, అంటే పొలం పుట్రా పంచుకున్నట్టు మనుషుల్ని పంచుకోవడం. అలాగని మనవైపు తక్కువ ఘోరం అని నేననడం లేదు, వెట్టి చేసినవాళ్ల పిల్లల్ని అడిగితే చెబుతారు. యంత్రం వేరు, అది ఎలా తిరిగిందో విడిగా చూపించాలి అంటున్నాను. ఆ రెండు పేరాలు కలపమనండి, పోస్టు ఇంకా బాగుంటుంది.

మీ ఇద్దరికీ కావాలంటే చదువుకోవడానికి ఇంకోటి: 1790లో అమెరికా పెట్టిన మొదటి పౌరసత్వ చట్టం, రెండేళ్లు ఇక్కడున్న 'స్వేచ్ఛ ఉన్న తెల్లవాళ్లకే' అని మొదలవుతుంది. ఆ 'తెల్ల' అన్న మాట పట్టుకునే 1923లో అమెరికా సుప్రీంకోర్టు, పంజాబ్ నుంచి వలసవచ్చిన భగత్ సింగ్ థింద్‌కు పౌరసత్వం లేదంది. థింద్ కోర్టులో తన వాదనకు వాడుకున్నదేమిటో తెలుసా, అగ్రకులం రక్తశుద్ధి. పనిచేయలేదు. ఈ కథ మీ అమ్మాయికి మీరే చెప్పండి, ఇంట్లో టెన్షన్ తగ్గుతుంది.

ప్రశ్న: నేను ఎస్సే సొంతంగానే రాశాను, ఏఐతో ఇంగ్లీషు మాత్రం సరిచేయించుకున్నాను. ఏఐతో రాశావని సున్నా వేశారు. నేను చేసింది తప్పా?
(విద్యార్థి, హ్యూస్టన్)

జవాబు: మీ సిలబస్‌లో ఏం రాసుందో మీరు చెప్పలేదు. గ్రామర్‌కి కూడా వాడొద్దని ఉంటే తప్పే, వాడొచ్చని ఉంటే వెళ్లి మాట్లాడాల్సిందే. ఏఐ రాతను పట్టేస్తామనే డిటెక్టర్లను నేను పెద్దగా నమ్మను, ఇంగ్లీషు సొంతభాష కానివాళ్లు జాగ్రత్తగా, పొడిగా రాసినా అవి అనుమానపడతాయి.

కానీ ఏఐ ఎక్కడ దొరికిపోతుందో నాకు బాగా తెలుసు. పోయిన సెమిస్టర్ ఒక పేపరొచ్చింది, ఇంగ్లీషు అద్దంలా ఉంది. నేటివ్ అమెరికన్ నాయకుడు పొహాటన్ కూతురు పోకహాంటస్ తనను చావునుంచి కాపాడిందని జేమ్స్‌టౌన్ నాయకుల్లో ఒకడైన జాన్ స్మిత్ 1608లో రాశాడని అందులో ఫుట్‌నోట్, పేజీ నంబరుతో సహా. 1608లో అచ్చయిన ఆయన వివరంలో ఆ ముచ్చటే లేదు. పొహాటన్ తనను బాగానే చూశాడని ఉంది. ఆమె అడ్డుపడి ప్రాణం కాపాడిందన్న పూర్తి కథ ఆయన అచ్చువేసింది 1624లో, అప్పటికి పోకహాంటస్ చనిపోయి ఏడేళ్లు, కాదనడానికి ఆమె లేదు. ఎస్సేకు అసలు పాయింటే ఆ పదహారేళ్ల తేడా. కుర్రాణ్ణి పిలిచి ఆ పేజీ తెరిచి చూపించమంటే నీళ్లు నమిలాడు.

మీరు ఇప్పుడు చేయాల్సింది ఇది. గూగుల్ డాక్స్‌లో రాసుంటే వెర్షన్ హిస్టరీ తెరవండి, ఏ రోజు ఏ పేరా రాశారో అందులో ఉంటుంది. చదువుతూ రాసుకున్న నోట్సు, గీతలు గీసిన ప్రింటవుట్లు, ఏఐకి ఇవ్వకముందున్న మీ తప్పుల ఇంగ్లీషు డ్రాఫ్టు, అన్నీ ఒక ఫోల్డర్లో పెట్టుకుని ఆఫీస్ అవర్స్‌కి వెళ్లండి. ఈమెయిల్లో వాదించకండి. 'మీరే ఏ పేరా గురించైనా అడగండి, చెబుతాను' అనండి. వెళ్లేముందు మాత్రం మీ ఫుట్‌నోట్లన్నీ ఒక్కొక్కటే తెరిచి, ఆ పేజీలో ఆ మాట నిజంగా ఉందో లేదో చూసుకుని వెళ్లండి.